కుట్టు తెంపితే పుస్తకం మీదే

హిందూపురం బజారులో నా అంత తెలివిగా నష్టపోయినవాళ్ళు ఇంకొకరు లేరని గట్టిగా చెప్పగలను. తొంభైల మధ్యలో ఊళ్ళో ఉన్న రెండు అద్దె పుస్తకాల షాపులూ అందరికీ పేరు తెలిసిన రచయితల నవలలు పెట్టుకుని హాయిగా నడుస్తుంటే, నేను మూడో షాపు తెరిచాను. అందులో ఎవరికీ పేరు తెలియనివాళ్ళు రాసిన డిటెక్టివ్ నవలలు, అవీ వాళ్ళ మొట్టమొదటివి మాత్రమే పెట్టాను. రెండో నవల రాసినవాడికి నా షాపులో చోటు లేదు. ఇంత ఖచ్చితంగా నియమం పెట్టుకుని అంతే ఖచ్చితంగా మునిగినవాళ్ళు ఎవరైనా ఉంటే నా ముందుకు రావచ్చు.

లెక్క లేకుండా చేసిన పని కాదు. మాది చింతపండు మండీ. నాయన, ఇద్దరు చిన్నాయనలు, మేనమామలు అందరూ దుకాణాల్లో కూర్చున్నవాళ్ళే. నేను మాటలు నేర్చిన కొత్తలోనే 'తగ్గించుకో' అనడం కూడా వచ్చేసిందని మా అమ్మ అంటుండేది. మా సరుకులో కొత్త పండు ఎర్రగా ఉంటుంది, దానికే రేటు. ఏడాది తిరిగి నల్లబడిందా, రేటు పడిపోతుంది. పుస్తకాల్లో చూస్తే అంతా తలకిందులుగా కనిపించింది. మొదటి నవల రాసే మనిషి ఏళ్ళ తరబడి మనసులో నానేసుకున్నదంతా అందులో పోస్తాడు. అది కాస్త ఆడితే, రెండోది మూడు నెలల్లో కావాలని పబ్లిషరు వెంటపడతాడు. అందుకని రెండోది ఎప్పుడూ పలచబడిన చారులా ఉంటుంది. అయినా బజారులో మొదటిదానికే ధర తక్కువ, ఎందుకంటే పేరు ఎవరికీ తెలియదు. మంచి సరుకు చవగ్గా దొరికే వ్యాపారం ఇదొక్కటే కదా అని నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను.

ధర్మవరం స్టేషను బయట ఒక పాత పుస్తకాల వ్యాపారి ఉండేవాడు. అట్ట మీద 'నూతన రచయిత తొలి నవల' అని అచ్చేసి ఉంటే చాలు, దాన్ని కట్టలోంచి తీసి పక్కన పారేసేవాడు. నేను వారానికోసారి హిందూపురంలో ప్యాసింజరు ఎక్కి వెళ్ళి, ఆ పక్కన పారేసిన కుప్ప దగ్గరే కూర్చునేదాన్ని.

"ఏం పాపా, అందరూ వద్దనేదే ఏరుకుంటాండావు, నీకేమన్నా తిక్కనా?" అనేవాడు.

"తిక్కదానికి ఇచ్చేటప్పుడు ఇంకా కొంచెం తగ్గించొచ్చు కదన్నా" అనేదాన్ని.

తగ్గించేవాడు. ఆ బేరం గెలిచి కట్ట నెత్తిన పెట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి నడిచినప్పుడు నా అంత గొప్పది లేదు.

షాపుకు చోటు ఇచ్చింది నాయన. మండీ పక్కన ఒంటి షట్టరు గది ఒకటుంది. చింతపండు సీజనులో గోదాము, మిగతా నెలల్లో ఖాళీ. డిగ్రీ అయిపోయి, బ్యాంకు పరీక్షలు రెండుసార్లు తప్పి ఇంట్లో కూర్చున్న నేను, ఆ గది కావాలని అడిగాను. నాయన నవ్వలేదు, కోప్పడలేదు. బయటివాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"కొత్త పండు దిగే లోపల నీ షాపు దాని బాడుగ అది కట్టుకోనీ. కట్టుకుంటే గది నీది, నేను ఇంగోచోట గోదాము చూసుకుంటా. కట్టుకోకపోతే మూటలు ఈడనే దిగుతాయి. నువ్వు ఇంట్లో కూర్చో, సంబంధాలు చూస్తాం."

మా ఇంట్లో ఆడపిల్లకు సొంతంగా షట్టరు తాళంచెవి ఉండటం అదే మొదటిసారి. ఆ తాళంచెవిని నడుముకు దోపుకుని తిరిగేదాన్ని. అది పోకూడదన్నది ఒక్కటే నా పట్టుదల. పుస్తకాలూ సాహిత్యమూ ఆ తర్వాతే.

షాపు తెరిచిన మొదటి వారంలోనే ఒక సంగతి అర్థమైంది. దాన్ని ముందే ఊహించకపోవడం నా తప్పు, ఎందుకంటే నేనూ ఆ బజారు పిల్లనే.

చింతపండు మూట కొనేవాడు పైనున్న పండు చూడడు. మూట మూతి దగ్గర ఎవడైనా మంచి పండే పెడతాడు. అందుకని కొనేవాడు మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు లాగి మచ్చు చూస్తాడు. గింజ ఎంత, నార ఎంత, తడి ఎంత అన్నది అడుగున ఉన్న పండే చెబుతుంది. మా బజారంతా ఆ చేత్తోనే నా పుస్తకాలు పట్టుకుంది. ఒక్కరు మొదటి పేజీ చూసినవాళ్ళు లేరు. పుస్తకం తీసుకోవడం, వెనకనుంచి వేలు దూర్చడం, చివరి పేజీలు చదవడం, మూసి నా చేతిలో పెట్టడం.

మొదట వచ్చింది ఎదురు వరసలో రవికె గుడ్డలు అమ్మే అక్క. నిలబడినచోటే చివరి రెండు పేజీలు చదివేసింది.

"వంటమనిషి సంపిండేది."

"అక్కా, అది తెలిస్తే ఇంక నవలలో ఏముంటుంది?"

"ఏముంటాదో నువ్వే చెప్పు. తెలిసిపోయినాక రూపాయి యాటికి ఇయ్యల్ల?"

"తెలియకుండా చదవాల."

"తెలీకుండా ఎవురన్నా దుడ్లు పెడతారా పాపా? మీ నాయన మచ్చు చూపీకుండా ఒక్క మూట అమ్మినాడేమో అడుగు పో."

అడగడానికేముంది, అమ్మలేదు. ఆమె తర్వాత వచ్చింది దళారి మామ. పరిగి వైపు రైతులు తెచ్చే పండు మా మండీకి కుదిర్చిపెట్టే మనిషి. నాకు బంధువేమీ కాదు, కానీ బజారులో అందరికీ మామే. ఆయన ఒక్క మధ్యాహ్నంలో పదకొండు నవలల అడుగు మచ్చు చూసి, పదకొండింటినీ నా బల్ల మీద వరసగా పేర్చి, "ఏడు కవల పిల్లోళ్ళే పాపా, రెండు ఆఖర్లో వచ్చినోళ్ళు, ఒకటి పోలీసోడు, ఒకటి నాకర్థం కాలే" అని లెక్క చెప్పి, ఒక్క రూపాయి కూడా ఇవ్వకుండా వెళ్ళిపోయాడు. మరునాటికి మామకు అర్థమైన హంతకులందరూ టీ అంగడి దాకా తెలిసిపోయారు. ఆ పదకొండూ ఇక ఎవరూ తీసుకోలేదు.

కోపమొచ్చింది. కానీ నా కోపంలో సగం మామ లెక్క నిజమైనందుకు. నేను ధర్మవరం నుంచి మోసుకొచ్చిన తొలి నవలల్లో ఎక్కువ భాగం అట్లాగే ఉండేవి. హంతకుడు నవలంతా ఎక్కడా కనబడడు, చివరి అధ్యాయంలో దిగుతాడు. లేకపోతే చచ్చినవాడికి మనకెవరికీ చెప్పని కవల తమ్ముడుంటాడు. ఒక దానిలో డిటెక్టివు మే నెలలో కర్నూలులో ఓవరుకోటు వేసుకుని తిరుగుతాడు, అతనికి ఒక్కసారైనా చెమట పట్టదు. హత్య కంటే అదే పెద్ద మిస్టరీ.

అయితే ఆ కుప్పలోనూ ఎర్రపండు ఉండేది. ఒకాయన రైసుమిల్లులో హత్య రాశాడు. రాసినవాడు మిల్లులో పనిచేశాడని మొదటి పేజీలోనే తెలుస్తుంది. కరెంటు ఎప్పుడు పోయింది, బెల్టు ఎప్పుడు ఆగింది, తవుడు ఎక్కడ పడింది, అన్నీ మన కళ్ళముందే పెట్టాడు. వాటితోనే హంతకుణ్ణి పట్టుకున్నాడు, కొత్తగా ఏదీ జేబులోంచి తీయలేదు. ఒకామె ఆసుపత్రిలో డ్యూటీ మారే సమయంలో పోయిన ప్రాణం గురించి రాసింది. అందులో డిటెక్టివే లేడు, ఇద్దరు నర్సులు ఒకరినొకరు అనుమానించుకుంటూ ఉంటారు, అంతే. ఇంకొకటి మొదటి సగం చదవలేం, తెలుగు మాస్టారు పాఠం చెప్పినట్టు ఉంటుంది. అయినా రెండో సగానికి ఆ మొదటి సగం అవసరం. ఈ మూడింటినీ నేను ఎంతమందికి చెప్పానో. చెప్పినవాళ్ళందరూ "అట్లనా" అని, పుస్తకం తిప్పి, వెనకనుంచి వేలు దూర్చారు.

అప్పుడు నాకొచ్చిన ఉపాయం మా బజారులోనే పుట్టగలది. మూటలు కుట్టే దబ్బనం, దారం మా మండీలో ఎప్పుడూ ఉంటాయి. ఒక ఆదివారం కూర్చుని ప్రతి నవలకూ చివరి పదహారు పేజీలను అంచు వెంబడి కలిపి కుట్టేశాను. బల్ల మీద అట్టముక్క ఒకటి పెట్టాను: 'చదవడానికి రోజుకు రూపాయి. కుట్టు తెంపితే పుస్తకం మీదే. పూర్తి ధర ఇవ్వాలి.' నా న్యాయం నాకుంది. కుట్టు తెగిన పుస్తకం ఇక మూత తీసిన మూటే, తర్వాతివాడు వేలు దూర్చకుండా ఉండడు. కాబట్టి విప్పినవాడే కొనుక్కోవాలి. మండీలో కూడా అంతే కదా.

ఆశ్చర్యంగా గిరాకీ పెరిగింది. కుట్టిన మూటలో ఏముందో అన్న ఆశ జనాన్ని లాగింది. రోజుకు పదిహేను, ఇరవై పుస్తకాలు పోయేవి. నాయన కూడా ఒకసారి షట్టరు ముందు నిలబడి చూసి వెళ్ళాడు. ఇంక గది నాదే అనుకున్నాను.

అయితే పోయిన పుస్తకాలన్నీ కుట్టుతో సహా వెనక్కి వచ్చాయి. ఒక్కరు తెంపలేదు. కుట్టు దాకా చదివేవాళ్ళు, అక్కడ ఆపేసేవాళ్ళు. ఆపి, షాపు ముందు నిలబడి వాదించుకునేవాళ్ళు.

"మిల్లు గుమాస్తానే సంపినాడు, నాకు తెలుసు."

"తెలిస్తే తెంపి చూడు."

"తెలిసిందానికి యాటికి తెంపల్ల? పన్నెండు రూపాయలు ఊరికే వస్తాయా?"

తెలియనప్పుడు మచ్చు లేనిదే కొనరు, తెలిసిందనుకుంటే కొనాల్సిన పనే లేదు. ఆ నెలలో మా వరసలో ప్రతి మనిషికీ సొంతంగా ఒక హంతకుడు ఉండేవాడు. కొందరు పేజీలను గొట్టంలా వంచి, ఎండకు పెట్టి, కుట్టు సందులోంచి ఒంటికన్నుతో లోపలికి చూసేవాళ్ళు. పుస్తకాల అట్టలు ఊడిపోయాయి. వాటిని అతికించే మైదా ఖర్చు నాదే. రూపాయి అద్దెలతో బాడుగ సగమే లేచింది. కుట్లు తెగితేనే మిగతా సగం.

ధర్మవరం వ్యాపారి దగ్గర నా గోడు చెప్పుకుంటే ఆయన ఒక మాట అన్నాడు.

"తెంపకుండా ఉండలేని నవల కావల్ల నీకు. పెనుకొండలో ఫోటో స్టూడియో ఆయన ఒకటి రాసి సొంతంగా అచ్చేసినాడు. నేను చదివినా. బాగుండాది. కానీ ఆ మనిషి ఒక్క పైసా తగ్గియ్యడు. పొర్లుదండాలు పెట్టినా తగ్గియ్యడు. నేను వదిలేసినా."

తగ్గించని మనిషి అనేసరికి నాకు నవల సంగతి మరుగున పడింది. వచ్చేటప్పుడే పెనుకొండలో దిగాను.

స్టూడియో చిన్నది. గోడ మీద కొండా, నెమలీ ఉన్న రంగుల తెర. యాభై దాటిన మనిషి పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తున్నాడు. సంగతి చెప్పాను. కత్తెర కింద పెట్టి నన్ను పైకీ కిందికీ చూశాడు.

"హిందూపురంలో పుస్తకాలకు మూతి కుట్టే పాప నువ్వేనా?"

పేరు పెనుకొండ దాకా వచ్చిందని పొంగిపోయాను. ఆయన బల్ల కింద నుంచి నవల తీసి ఇచ్చాడు. ఇచ్చిన మరుక్షణం లాక్కున్నాడు. అప్పుడు చూసుకున్నాను, నా వేలు అప్పటికే వెనకనుంచి దూరి ఉంది.

"చింతపండు అనుకుంటివేమో" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఊరందరి మీదా పళ్ళు నూరుతున్న నేను, ధర్మవరం కుప్పలో ఏరిన ప్రతి నవలనూ చివరి పేజీ చూసే కొన్నాను. మిల్లు నవల, నర్సుల నవల, అన్నీ హంతకుడెవరో తెలిసే చదివాను. బాగున్నాయని తేల్చిందీ అట్లాగే. తెలియకుండా చదవడమంటే ఎట్లా ఉంటుందో నాకే తెలియదు.

"నీ దబ్బనం తెచ్చుకున్యావా?" అన్నాడాయన. సంచిలో ఎప్పుడూ ఉండేది. "కుట్టు. నా ముందర కుట్టు. మీ ఊరోళ్ళకు పెట్టిన రూలే నీకూ. తెంపితే ఇరవై రూపాయలు."

"అమ్ముకునేదాన్ని సార్, నాకు కమిషనన్నా ఇవ్వాల కదా."

"ఇయ్యను."

"సగం ధరకిస్తే యాభై పుస్తకాలు తీసుకుంటా."

"ఇయ్యను."

"మొదటి నవల సార్ ఇది. ఎవరికి తెలుసు మీ పేరు?"

"మొదటిదే. ఇంగోటి రాస్తానో లేదో. అందుకే తగ్గియ్యను."

నా జీవితంలో అట్లాంటి బేరం ఎదురవలేదు. బేరమంటే రెండు వైపులా కదలాలి. ఈయన కదలడు. కుట్టి, సంచిలో వేసుకుని స్టేషనుకు వచ్చాను.

ప్యాసింజరు లేటు. బెంచీ మీద కూర్చుని మొదలుపెట్టాను. ఒక చిన్న ఊళ్ళో పెళ్ళి. పెళ్ళివాళ్ళందరూ నిలబడి తీయించుకున్న గ్రూపు ఫోటో. ప్రింట్లు ఇంటికి చేరేసరికి అందులో ఒకరు చచ్చిపోయి ఉంటారు. ఫోటోలో అందరూ కెమెరా వైపు చూస్తుంటే ఒక్క మనిషి మాత్రం పక్కనున్నవాళ్ళ చేతి వైపు చూస్తూ ఉంటుంది. అంతే, నవలంతా ఆ ఒక్క ఫోటో. రైలు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు ఎక్కానో తెలియదు. హిందూపురంలో దిగేటప్పటికి కుట్టు దగ్గరికి వచ్చేశాను. ఫోటోలో ఉన్న అందరినీ అనుమానించి, పెళ్ళికూతుర్ని కూడా వదలకుండా, ఆఖరికి పెళ్ళికొడుకు చిన్నాయన అని తీర్మానించాను. తీర్మానం మీద నాకే నమ్మకం లేదు.

ఆ సాయంత్రం మిద్దె మీద పేజీలు గొట్టంలా వంచి ఎండకు పెట్టి ఒంటికన్నుతో చూశాను. గట్టి కుట్టు. కుట్టింది నేనే కదా.

మరునాడు మళ్ళీ పెనుకొండ వెళ్ళాను. తెంపితే ఇరవై ఇవ్వాలని ఇంట్లో కూర్చున్నా తెలుసు, కానీ ఇరవై ఇవ్వడం నా చేత కాలేదు.

"సార్, కుట్టు తెంపను. ఎవరు చంపినారో నోటితో చెప్పండి, ఐదు రూపాయలిస్తా."

"ఇరవై."

"చిన్నాయన కాదని ఒక్క మాట చెప్పండి. మూడు రూపాయలు."

ఆయన నవ్వాడు. ఆ నవ్వులో చిన్నాయన ఉన్నాడో లేడో చెప్పలేకపోయాను. ఇరవై ఇచ్చాను. ఆయన కత్తెరతోనే కుట్టు తెంపి, ఆ రంగుల తెర ముందున్న స్టూలు మీద కూర్చుని పదహారు పేజీలూ చదివాను. చిన్నాయన కాదు. ఎవరో ఇక్కడ రాయను. చదివాక మొదటి అధ్యాయానికి తిప్పి చూస్తే, హంతకుడి గురించి చెప్పాల్సిందంతా అక్కడే చెప్పి ఉంది. నేనే చూడలేదు. అంత మోసపోయి అంత సంతోషపడటం నాకు కొత్త.

తర్వాతి పని తెలివిగా చేసి ఉంటే ఈ కథ వేరుగా ఉండేది. నా డబ్బాలో ఉన్నదంతా ఊడ్చి, అచ్చు ధరకే, ఇరవై పుస్తకాలు తెచ్చుకున్నాను. ఈ ఒక్కదానికి కుట్టు తెంపకుండా ఉండలేరు, ఊరంతా తెంపుతారు, గది నిలుస్తుంది అనుకున్నాను. ఇరవైకి కొని ఇరవైకి అమ్మితే ఏం మిగులుతుందన్న ప్రశ్న, చిన్నప్పటి నుంచి అన్నం కంటే ముందు లెక్క తిన్న నాకు, ఆ రైల్లో తట్టలేదు.

పుస్తకాలు చేతులు మారాయి. వరసంతా ఫోటో గురించే మాట. రవికె గుడ్డల అక్క గిరాకీని నిలబెట్టి మరీ చదివింది. అయినా కుట్టు దగ్గర అందరూ ఆగిపోయారు. అప్పటికే పరిగి వైపు నుంచి మొదటి బండ్లు దిగుతున్నాయి. నాయన మూటలు దించేటప్పుడు నా షట్టరు వైపు కొలిచినట్టు చూసేవాడు.

ఆ వారం సంతనాడు దళారి మామ తొమ్మిదిమందిని వెంటేసుకుని వచ్చాడు.

"పాపా, మేం పదిమంది తలా రెండు రూపాయలేసుకుంటిమి. ఒక్క కుట్టు తెంపుతాం. నేను సదివి అందరికీ చెప్తా. ఇదో ఇరవై."

"అది అన్యాయం మామా."

"యాడ రాసిండావు పదిమంది కలిసి తెంపకూడదని?"

అట్ట మీద రాయలేదు. ఇరవై తీసుకున్నాను. మామ మా మండీ మెట్టు మీద, చింతపండు మూట మీద కూర్చుని, జేబులోంచి కత్తి తీసి కుట్టు కోశాడు. మిగతా తొమ్మిదిమందీ చుట్టూ నిలబడ్డారు. నాయన తూకం ఆపి చూశాడు. మామ మెల్లగా, పెదాలు కదుపుతూ చదివాడు. మధ్యలో ఒకసారి ఆగి, మొదటి అధ్యాయంలో ఫోటో తీసే పేజీ దాకా వెనక్కి తిప్పి ఏదో వెతికి, మళ్ళీ ముందుకు వచ్చాడు.

"ఎవురు మామా?" అన్నాడు ఒకడు.

మామ చెయ్యి ఎత్తి ఆగమన్నాడు. చివరి పేజీ అయ్యాక పుస్తకం మూసి, ఒళ్ళో పెట్టుకుని, బజారు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"చెప్పప్పా, ఎవురు?"

"చెప్పను."

"అదేం మాట? మా రెండు రూపాయలు?"

"మీ రెండ్రూపాయలు మీకిస్తా. ఇది చెప్పేది కాదు. చెప్తే చెడిపోతాది. తెంపుకోని సదువుకోండి."

"దుడ్లు తిని మాట తప్పుతావా మామా?" అని అరిచింది అక్క. ఆమె కూడా వాటాదారే.

"తప్పుతా. తప్పినా అని ఊరంతా చెప్పు పో."

ఇరవై ఏళ్ళుగా పండు కుదిర్చిన మనిషి, అడుగు మచ్చు చూపించకుండా కొనుక్కోమని చెప్పడం ఆ మెట్టు మీద అదే మొదటిసారి అనుకుంటాను. నిజంగానే తొమ్మిదిమంది రెండు రూపాయలూ జేబులోంచి తీసి ఇచ్చేశాడు. అక్క తన రెండుకు ఇంకో పద్దెనిమిది కలిపి నా బల్ల మీద కొట్టినట్టు పెట్టి, అక్కడే కుట్టు పీకేసింది. చదివి, మామ వైపు చూసి, ఆమె కూడా ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రానికి ఏడు కుట్లు తెగాయి. మళ్ళీ సంత వచ్చేసరికి ఇరవై పుస్తకాలూ అయిపోయాయి. ఒకసారి రెండు రూపాయలు ఎక్కువ చెప్పి చూశాను. మామ అట్ట తిప్పి అచ్చు ధర మీద వేలు పెట్టాడు.

నాయన డబ్బా చూడటానికి వచ్చాడు.

"బాగా అమ్మినావే. ఎంతకు తెస్తివి?"

"ఇరవైకి."

"అమ్మింది?"

"ఇరవైకి."

నాయన డబ్బా మూత మూసేశాడు. కోప్పడి ఉంటే బాగుండేది.

"నా కూతురివేనా నువ్వు" అన్నాడు. అని, "ఇంతమందిని నేనెప్పుడూ మన మెట్టు మీద చూడలేదు లే" అని కూడా అన్నాడు.

నేను పెనుకొండ పరిగెత్తాను. సంగతంతా చెప్పాను. గది పోతుందని, తగ్గించి ఇస్తే నిలబడతానని చెప్పాను. ఆయన తగ్గింపు మాట విననే లేదు. మామ వెనక్కి తిప్పి ఏ పేజీ వెతికాడని అడిగాడు. చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సరైన పేజీనే" అన్నాడు. ఇక కరిగిపోయాడనుకుని ధర మళ్ళీ ఎత్తాను.

"తగ్గియ్యను. ఆ ఇరవైమంది పూర్తి ధర ఇచ్చినారు. ఇప్పుడు తగ్గిస్తే వాళ్ళ మొహం ఎట్ల చూసేది?"

"వాళ్ళ మొహం మీరు ఇప్పటిదాకా చూడలేదు కదా సార్."

"చూడలేదు. అయినా."

అంత మొండి మనిషి మీద ఈ రోజుకీ కోపం పోలేదు. ఆయన అన్నది తప్పని తేల్చలేకపోతున్నందుకు ఇంకా కోపం. ఖాళీ సంచితో తిరిగొచ్చాను. మరుసటి వారం నా బల్ల బయటికి వచ్చింది, మూటలు లోపలికి వెళ్ళాయి. తాళంచెవి నేనే నాయన చేతిలో పెట్టాను.

తర్వాత నన్ను ధర్మవరంలో పట్టుచీరల వాళ్ళింటికి ఇచ్చారు. రెండు వేల సంవత్సరం దాటాక, స్టేషను బయట ఆ పాత పుస్తకాల వ్యాపారి నన్ను చూసి చెయ్యి ఊపాడు. "మీ పెనుకొండాయనది రెండోది వచ్చింది" అని తీసిచ్చాడు. ఈసారి పబ్లిషరు ఉన్నాడు, రంగుల అట్ట ఉంది. నా వేలు తనంతట తానే వెనక్కి పోయింది. లాక్కున్నాను. ధర అడిగి, అడిగినంతా ఇచ్చేసరికి ఆ వ్యాపారి నాకు ఒంట్లో బాగాలేదేమోనన్నట్టు చూశాడు. ఇంటికెళ్ళి మొదటినుంచి వరసగా చదివాను. మధ్యలోనే తెలిసిపోయింది. కవల తమ్ముడు.

ఇంక లెక్క. ధర్మవరం కుప్పలో ఏరి కొన్న తొలి నవలలు నూటికి పైన. ఒక్కొక్క దానికీ తగ్గించుకున్నాను, ఆ తగ్గింపులన్నీ కలిపితే మంచి మొత్తమే. వాటిలో చదవదగ్గవి మిల్లుదీ నర్సులదీ మాస్టారిదీ, మూడు. పెనుకొండది కలిపితే నాలుగు. తెలియకుండా చదివింది ఒకటి. దానికి ఇరవై రూపాయలు, రెండు రోజుల రైలు చార్జీ, ఒక గది, ఒక తాళంచెవి. దళారి మామ ఇరవై ఇచ్చి, పద్దెనిమిది తిరిగి పంచి, ఒక్కడే చదువుకున్నాడు. ఆయనకూ తగ్గింపు దొరకలేదు. రెండో నవలకు ముప్పై ఐదు. అది వేరే పద్దు, దండగ కింద.